బోరు ఉప్పెక్కిందని ఇంకా లోతుకు దించకండి

మీరు రాసినది రెండుసార్లు చదివాను. కోనసీమలో, రాజోలుకూ మలికిపురానికీ మధ్య ఊరు మీది. రెండెకరాల కొబ్బరి, ఎకరం వరి, ఇంటి దగ్గర ఒక పాత నుయ్యి, 40 అడుగుల ఫిల్టర్ పాయింటు, అంటే ఇసుక పొరలోకి దించిన సన్నటి గొట్టపు బోరు. ఇరవై ఏళ్లు తియ్యగా ఇచ్చిన నీరు రెండు వేసవులుగా ఉప్పగా వస్తోంది. బోరు వేసే అతను 250 అడుగులకు దించితే మంచి నీరు పడుతుందన్నాడు. మీరు అడిగినవి మూడు: దించాలా వద్దా, భూగర్భ జలాలు తరగకుండా ప్రభుత్వం పెట్టిన పథకాల్లో మీకు పనికొచ్చేది ఏదైనా ఉందా, ఇంటి దగ్గర ఇంకుడు గుంత తవ్వితే ఉప్పు తగ్గుతుందా.

ఈ వారంలోనే బోరు అతనికి అడ్వాన్సు ఇస్తానన్నారు కాబట్టి మొదటి దానికి జవాబు ముందే చెబుతాను. దించకండి. భూగర్భ జలాల సర్వే పనిలో ఉద్యోగ జీవితమంతా గడిపాను, అందులో ఎక్కువ కాలం ఉభయ గోదావరి జిల్లాల్లోనే. ఉప్పెక్కిన బోరును ఇంకా లోతుకు దించి డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు తీరం వెంట ఎన్ని చూశానో లెక్కలేదు.

మన కాళ్ల కింద ఉన్నది బండరాయి కాదు. గోదావరి వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి. ఒకప్పుడు సముద్రం ఇప్పటికన్నా చాలా లోపలికి ఉండేది. నది మేట వేస్తూ దాన్ని వెనక్కి నెట్టింది. వెనక్కి వెళ్లిన సముద్రం తన నీటిని ఆ మట్టి పొరల్లోనే వదిలి వెళ్లింది. అందుకే తీరానికి దూరంగా ఉన్న ఊళ్లలో కూడా లోతుకు వెళ్లినకొద్దీ ఉప్పు తగులుతుంది. ఆ ఉప్పునీటి మీద వానా కాలువా కలిసి పోసిన మంచినీరు పలచటి పొరగా తేలుతూ ఉంటుంది. పాల మీద మీగడలాగా. మీగడ తీయాలనుకున్నవారు గరిటెను గిన్నె అడుగుకు దించరు కదండీ.

ఈ పొరకు ఒక లెక్క ఉంది. ఉప్పునీరు మంచినీటికన్నా నూటికి రెండున్నర వంతుల బరువు ఎక్కువ. అందువల్ల సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉండగలుగుతుంది. వినడానికి బాగానే ఉంది. తిరగేసి చూడండి. మోటారు తోడి పైమట్టాన్ని ఒక్క అడుగు దించితే, అడుగున ఉన్న ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి సిద్ధమవుతుంది. ఇసుక, బంకమట్టి పొరలు కలగలిసి ఉండడం వల్ల నేల మీద ఇది లెక్కలో ఉన్నంత కచ్చితంగా జరగదు, నెమ్మదిగా జరుగుతుంది. కానీ జరుగుతుంది. మోటారు ఉన్నచోట ఉప్పునీరు కింది నుంచి పుట్టలా లేస్తుంది. మీ ఫిల్టర్ పాయింటు విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం.

మీ పక్కింటివారు రావులపాలెంలోనో తణుకులోనో తమ బంధువులకు లోతు బోరులో మంచినీరు పడిందని చెబితే అది అబద్ధం కాదు. డెల్టా తల దగ్గర, గోదావరి పాయల గట్ల వెంట లోతున కూడా మంచినీరు దొరికే చోట్లు ఉన్నాయి. పాత ఏటి పాయలు పూడిపోయిన ఇసుక మేటల్లోనూ ఉంటుంది. మీ వైపు ఆ ఆశ తక్కువ. నేలలోకి విద్యుత్తు పంపి పొరలను అంచనా కట్టే రెసిస్టివిటీ సర్వే చేయించకుండా ఒక్క అడుగు కూడా దించవద్దు. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. లోతు బోరు చుట్టూ సరిగ్గా మూసివేయకపోతే కింది ఉప్పునీటికి పైకి వచ్చే దారి మీరే వేసినట్లవుతుంది. అప్పుడు పాడయ్యేది మీ నీరు ఒక్కటే కాదు, పక్కింటి నుయ్యి కూడా.

సముద్రం పక్కన ఇసుక దిబ్బల మీద ఉన్న పల్లెల్లో ఆడవారు చెలమలు తవ్వి నీరు పట్టుకోవడం ఉద్యోగంలో చేరిన కొత్తలో చూశాను. మోకాలి లోతు గుంట. ఊరిన నీటిని చిన్న చెంబుతో తోడి బిందెలో పోస్తారు. బిందె నిండగానే కాసేపు ఆగుతారు, మళ్లీ ఊరనిస్తారు. ఇంకొంచెం లోతుకు తవ్వితే త్వరగా నిండుతుంది కదా అని అడిగాను. ‘ఉప్పు లేస్తుంది బాబూ’ అన్నారు. నేను పుస్తకంలో చదివి వచ్చిన లెక్క అదే. బాపట్ల వైపు ఇలాంటి వాటిని దొరువులు అంటారు. అక్కడి ఉప్పునేలల పరిశోధన కేంద్రం ఈ దొరువునే మెరుగుపరిచింది. మధ్యలో ఒక తొట్టిలాంటి బావి, దానికి నాలుగు వైపుల నుంచీ నేలలో అడ్డంగా పరిచిన చిల్లుల గొట్టాలు. నీరు ఒక్కచోటి నుంచి గట్టిగా లాగకుండా, వెడల్పుగా, మెల్లగా, పైపొర నుంచి వస్తుంది. మీ నేల ఇసుక నేల అయితే మీకు కావలసిన పద్ధతి ఇది. లేదా దీనికి చిన్న తమ్ముడు, 15 అడుగులకు మించని వరల నుయ్యి. చిన్న మోటారు, రోజుకు రెండు మూడు విడతలు, విడతకు పావుగంట. పెద్ద మోటారు పెట్టారా, నుయ్యి కూడా బోరు దారే పడుతుంది.

ఇక ప్రభుత్వం సంగతి. ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే పథకాల పేర్లు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మన నేలను చూసి కత్తిరించినవి కావు.

మీ నీటిమట్టం ‘పడిపోతోంది’ అని రాశారు. అసలు పడిపోయిందా? కొలవండి. వానాకాలం చివర మీ ఊళ్లో పలుగు దించితే ఏడెనిమిది అడుగుల్లోనే నీరు తగలవచ్చు. అనంతపురం రైతుకు ఉన్నది నీరు అందని బాధ, మీకు ఉన్నది అందిన నీరు నోట పెట్టుకోలేని బాధ. ప్రభుత్వ లెక్కలు మొదటి బాధను పట్టుకోవడానికి పుట్టాయి. ఏడాదిలో నేలలోకి ఇంకే నీటిలో ఎంత తోడుతున్నామో చూసి, 70 శాతం దాటకపోతే సురక్షితం, 90 దాటితే విషమం, 100 దాటితే మితిమీరిన వాడకం అంటారు. రాష్ట్రం మొత్తం మీద మనం తోడేది ఇంకే నీటిలో మూడో వంతుకు లోపే. పైకి ఎంతో నిశ్చింతగా కనిపించే అంకె. కానీ తీరం వెంట ఉప్పునీటి మండలాలను ఆ వరుస నుంచి తీసి వేరే పెట్టెలో పెడతారు. అక్కడ ఎంత శాతం తోడుతున్నామో లెక్కే కట్టరు. మీ బాధ ఆ వేరే పెట్టెలో ఉంది.

పథకాల చరిత్ర చూస్తే ఇదే కనిపిస్తుంది. 2000లో నీరు–మీరు, 2015లో నీరు–చెట్టు, 2019 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన జల్ శక్తి అభియాన్, 2022లో జిల్లాకు 75 చెరువుల చొప్పున అమృత్ సరోవర్. చెక్‌డ్యాములు, ఊట చెరువులు, పంట కుంటలు, కందకాలు, ఇంకుడు గుంతలు. రాయలసీమలోనూ, మన మెట్టలో ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెం, గోకవరం వైపూ ఇవి ప్రాణం నిలిపిన పనులు. అక్కడ పామాయిల్ తోటలు వేసవిలో చెట్టుకు రోజుకు 200 లీటర్ల దాకా తాగుతాయి. బోర్లు ఏటికేడాది లోతుకు పోతున్నాయి. అక్కడ ఒక్క వాన నీటిని ఆపినా ఫలితం మరుసటి వేసవిలో తెలుస్తుంది. తాడిపూడి, పుష్కర ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు అందిన ఊళ్లలో రైతులకు బోరు మీద భారం తగ్గిందని నేను స్వయంగా కొలిచి చెప్పగలను. అదే అచ్చును తెచ్చి కోనసీమలో గుద్దితే ఏమవుతుంది? సెప్టెంబరులో నేలంతా నీటితో నిండి ఉంటుంది. గుంత తవ్వితే అడుగు నుంచి నీరు ఊరుతుంది. ఇంకడానికి చోటు ఎక్కడ ఉంది?

అందుకే మీ మూడో ప్రశ్నకు జవాబు మీ పెరటి మట్టిని బట్టి ఉంటుంది. పిడికెడు తీసి తడిపి ఉండ చేయండి. ఉండ నిలిచి, వేళ్లకు జిగటగా అంటుకుంటే ఇంకుడు గుంత మీకు దండగ. ఉండ రాలిపోతే, అంటే మీరు ఇసుక తిన్నె మీద ఉంటే, ఉపయోగం ఉంది. ఇంటికప్పు నీటిని గొట్టంతో కిందికి దించి, మొదటి వాన నీటిని బయటకు వదిలి, తరువాతి నీటిని కంకర, ఇసుక పొరల గుండా మీ పాత నూతిలోకి పంపండి. పొలం నీరు, మురుగు కాలువ నీరు మాత్రం నూతిలోకి ఎన్నడూ రానివ్వకండి. ఎరువులూ మందులూ నేరుగా తాగే నీటిలో కలిపినట్లవుతుంది.

బంకమట్టి అయితే నేలలో దాచవద్దు, తొట్టిలో దాచండి. మీ వైపు ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది. 1,000 చదరపు అడుగుల కప్పు మీద పడేది లక్ష లీటర్లు. వృథా పోగా 80,000 లీటర్లు పట్టవచ్చు. అంత అక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేసే, అంటే వాటికి నీరు ఆపేసే రోజులు సుమారు అరవై అనుకుంటే, ఐదుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ రోజుకు 50 లీటర్ల చొప్పున 3,000 లీటర్లు చాలు. అక్టోబరు, నవంబరు వానల్లో 5,000 లీటర్ల తొట్టి నింపి, వెలుతురు తగలకుండా మూతపెట్టి ఉంచితే మీ వేసవి గడిచిపోతుంది. 250 అడుగుల బోరుకు అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి.

మరి ప్రభుత్వం వల్ల డెల్టా భూగర్భ జలాలకు జరిగిన మేలు ఏమీ లేదా? ఉంది. అన్నిటికన్నా పెద్దది, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. దాని స్థానంలో 1982లో బ్యారేజీ వచ్చింది. దీన్ని పంటల నిర్మాణంగానే చూస్తాం. భూగర్భ జల ఉద్యోగిగా నేను చూసేది వేరు. సుమారు పది లక్షల ఎకరాల మీద, ఏడాదిలో పది నెలలపాటు, కాలువలూ బోదెలూ వరిచేలూ కలిసి మంచినీటిని నేలలోకి దిగనిస్తున్నాయి. ఉప్పును కిందికి తొక్కిపెడుతున్నది అదే. ఇంత పెద్ద ఇంకుడు గుంత మనం తవ్వగలమా?

ఇక్కడే ఒక చిక్కు. 2008 ప్రాంతంలో మొదలైన డెల్టా ఆధునికీకరణలో కాలువలకు సిమెంటు లైనింగు వేశారు. కాలువ చివర ఉన్న శివారు రైతుకు నీరు అందాలంటే అది కావాలి. నేను దాన్ని వ్యతిరేకించను, శివారు పొలాలు ఎండడం కళ్లారా చూశాను. కానీ లైనింగు వేసిన కాలువ పక్కన నూతులకు ఊట తగ్గుతుంది. ఇంజనీరు పుస్తకంలో ‘నష్టం’ అని రాసుకునే ఊట, నూతి పుస్తకంలో జమ. మీ ఊరి కాలువకు ఈ రెండు మూడేళ్లలో అలాంటి పని జరిగిందేమో చూడండి. జరిగి ఉంటే మీ ఉప్పుకు సగం కారణం దొరికినట్లే. దానికి విరుగుడు లైనింగును పగలగొట్టడం కాదు, ఊరచెరువును నింపడం. కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపే పని ఏటా జరుగుతుంది. చాలా ఊళ్లలో చెరువు పూడిపోయి, సగం లోతు మట్టే ఉంటుంది. ఉపాధి పనుల్లో మీ ఊరి వంతుకు ఏది అడగాలని నన్ను అడిగితే, ఇంకుడు గుంతలు కాదు, ఊరచెరువు పూడికతీత అంటాను. నిండిన చెరువు చుట్టూ ఉన్న నూతులు మేలో కూడా తియ్యగా ఉండడం ఎన్నో ఊళ్లలో కొలిచాను.

దాళ్వాలో, అంటే రెండో పంట వరిలో, నీటి పొదుపు గురించి కూడా ఒక మాట. బ్యారేజీలో నిలవ ఉండేది మూడు టీఎంసీలకు అటూ ఇటూ మాత్రమే. వరద రోజుల్లో పది లక్షల క్యూసెక్కులు పారితే ఒక్క రోజులో సముద్రంలో కలిసేది 86 టీఎంసీలు. జనవరి తరువాత నదిలో నీరు తగ్గి సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి మీద ఆధారపడతాం, కాలువలకు వంతులవారీగా నీరు వదలడం మొదలవుతుంది. అందుకే ఆరుతడి వరి నేర్పుతున్నారు. చిల్లుల గొట్టం చేలో పాతి, నీరు 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ తడిపే పద్ధతి. పూత సమయంలో మాత్రం నీరు నిలవ ఉంచాలి. మండపేట, తణుకు వైపు నేలల్లో మంచి పద్ధతి, తప్పక చేయాలి. మీ శివారు చౌడు నేలలో మాత్రం చేయవద్దు. చేను ఆరిందంటే కింది ఉప్పు పైకి పాకుతుంది. మీ ఎకరం వరిలో నిలిచిన నీరే మీ నూతికి కాపలా.

చట్టాల్లో మీకు పనికొచ్చేది వాల్టా, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేరే బోరు వేయడానికి వీలులేదు. ఇసుక తవ్వకాల మీద కూడా ఈ చట్టానికి అధికారం ఉంది. చట్టం మంచిది. అమలు మనం అడిగినంతే. మీ పంచాయతీ బోరుకు దగ్గరలో ఎవరైనా పెద్ద మోటారు పెట్టి తోడుతుంటే, గ్రామసభలో తీర్మానం చేసి తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్కరి అర్జీకన్నా సభ తీర్మానానికి బరువు ఎక్కువ.

రొయ్యల చెరువుల గురించి మీరు సందేహిస్తూ రాశారు. సూటిగానే చెబుతాను. వరిచేల మధ్య ఉప్పునీటి చెరువు తవ్వితే పక్క చేల నేలా నీరూ పాడవుతాయి, ఇందులో రెండో మాట లేదు. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం, 2020లో రాష్ట్ర ఆక్వా చట్టం వచ్చాయి, అనుమతి లేని చెరువు చట్టవిరుద్ధం. కానీ చెరువు తవ్వుకున్న రైతు కూడా మన ఊరివాడే, వరిలో నష్టపోయి అటు వెళ్లినవాడే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందుకని తగవుగా కాకుండా కొలతగా మొదలుపెట్టండి. చెరువుకు 50 అడుగులు, 200 అడుగులు, 500 అడుగుల దూరంలో ఉన్న నూతుల ఉప్పును ఒకే రోజు కొలిచి రాయండి. దగ్గరకు వెళ్లినకొద్దీ అంకె పెరుగుతుంటే ఎవరితోనూ వాదించవలసిన పని ఉండదు.

మురుగు కాలువను కూడా చూడండి. శంకరగుప్తం డ్రైను వెంట సముద్రపు పోటు లోపలికి తన్ని కొబ్బరిచెట్లు మోడులైన దృశ్యం మీకు దగ్గరలోదే. డ్రైను ముఖద్వారం పూడితే వానాకాలంలో పొలం మునుగుతుంది, గట్టు తెగితే వేసవిలో ఉప్పు ఎగదన్నుతుంది. పోటు సమయంలో మీ డ్రైనులో నీరు వెనక్కి పారుతోందా? ఒక ఆకు వేసి చూడండి, తెలిసిపోతుంది. పారుతుంటే, నీటి సంఘం ముందు పెట్టవలసిన మొదటి విషయం అదే. 1997 చట్టంతో వచ్చిన ఈ సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి, కాబట్టి అడగడానికి మనుషులు ఉన్నారు.

కొబ్బరికి డ్రిప్పు రాయితీ ఉంది, తీసుకోండి. వేసవిలో చెట్టుకు రోజుకు 40, 50 లీటర్లు చాలు. పాదులో కొబ్బరి డొక్కలు పూడ్చితే తడి ఇంకా నిలుస్తుంది. అంబాజీపేట పరిశోధన స్థానంలో అడిగితే మీ నేలకు తగిన లెక్క ఇస్తారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది చివరికి మిగిలింది. ప్రభుత్వం నీటిమట్టాన్ని కొలవడంలో ఎంతో ముందుకు వచ్చింది. మట్టం కొలవడానికే వేసిన పీజోమీటరు బోర్లకు యంత్రాలు బిగించి మట్టాన్ని దూరం నుంచే నమోదు చేస్తోంది. ఉప్పును మాత్రం అంత తరచుగా కొలవడం లేదు. డెల్టాలో మట్టం చెప్పే కథ సగమే. 2003 నుంచి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, రైతులే వానను, బావి మట్టాన్ని కొలిచి, ఊరి గోడ మీద రాసి, దాన్ని బట్టి ఏ పంట వేయాలో తేల్చుకున్నారు. బడి చదువు లేనివారు కూడా చేశారు. అదే పని మన ఊళ్లలో ఉప్పు అంకెతో ఎందుకు చేయకూడదు? నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే దారి లేకపోతే 2,000 వరకు ప్రమాణాలు ఒప్పుకుంటాయి. దాటితే తాగవద్దు.

మీరు ఇప్పుడు చేయవలసినది: ఫిల్టర్ పాయింటును నెల రోజులు ఆపండి. ఆ నెలలో ఇంటి అవసరాలకు పాత నూతి నుంచి చేదతో తోడుకోండి. నెల తరువాత ఫిల్టర్ పాయింటు నీరు ఒక బిందె పట్టి కొలవండి, గంట మోటారు నడిపి మళ్లీ కొలవండి. మొదటి అంకె తక్కువగా ఉండి గంటలో పెరిగితే, కింది ఉప్పు లేస్తోందని అర్థం, వరల నుయ్యి మిమ్మల్ని కాపాడుతుంది. రెండు అంకెలూ ఒకేలా ఎక్కువగా ఉంటే ఉప్పు పక్కనుంచి, రొయ్యల చెరువు నుంచో డ్రైను నుంచో వస్తోంది, అప్పుడు నుయ్యి తవ్వినా లాభం ఉండదు. మే చివరి వారంలో, కాలువలు వదలకముందు, ఇంకొకసారి కొలవండి. ఆ మూడు అంకెలూ, మీ పెరటి మట్టి ఉండ నిలిచిందో రాలిందో, డ్రైను మీ ఇంటికి ఎన్ని గజాల దూరమో రాయండి. నుయ్యి ఎక్కడ, ఎంత వెడల్పున తవ్వించాలో వాటిని చూసి చెబుతాను.